నేల విడువని సాము

ఆడలేక మద్దెల ఓడన్న సామెత మన పెద్దలు నర్తకిని ఉద్దేశించి చెప్పినదే యైనను, నేడు మన యూళ్ళలో ఫుట్‌బాలు ఆడగోరు బాలుర మాటలు విన్నచో అది వారికొఱకే పుట్టినదేమో యని తోచును. తునిలోనేమి, పిఠాపురములోనేమి, సామర్లకోటలోనేమి, ఈ యాటయందు మీరేల ముందునకు రారని యడిగినచో ప్రత్యుత్తరము ఒక్కటియే. మైదానము లేదందురు. బూట్లు లేవందురు. నేర్పువాడు లేడందురు. అన్నము తిను తెలుగువానికి ఐరోపీయుని దేహపుష్టి యెక్కడినుండి వచ్చునందురు. ఇందు మైదానము మాట కొంతవఱకు సత్యము. దానిని గూర్చి కడపట పెద్దలతో ముచ్చటింతుము. తక్కిన మూడు సాకులును నిలువవు. అవి నిలువవని చెప్పుటకు బ్రెజిలునకును జర్మనీకిని పోవలసిన పని లేదు. మన తెలుగునేలమీదనే, మన తాతలకాలముననే జరిగిన చరిత్ర చాలును.

హైదరాబాదు నగరమున సయ్యద్ అబ్దుల్ రహీమ్ అను నొక బడిపంతులు ఉండెను. ఆయన 1909లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, వ్యాయామవిద్యలో డిప్లొమా సంపాదించెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యయ్యెను. 1950 నుండి నగర పోలీసు జట్టునకు శిక్షకుడై, 1963 జూను 11న కన్నుమూయువఱకు ఆ పనిని విడువలేదు. ఆయన చేతిలో ఆ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచెను. హైదరాబాదు రాష్ట్రపు జట్టు 1956-57లోను, మరల 1957-58లోను జాతీయ విజయచిహ్నమైన సంతోష్ ట్రోఫీని తెచ్చెను. భారతదేశపు జట్టునకు ఆయన శిక్షకుడైన కాలమున మనవారు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిరి. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆస్ట్రేలియాను 4-2 గోలులతో ఓడించి సెమీఫైనలు చేరిరి. ఆసియాఖండమునుండి అంతవఱకు వచ్చిన జట్టు అంతకుముందు వేఱొకటి లేదు.

ఆ జట్లలో సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడ బాలుడు తులసీదాస్ బలరామ్ ఉండెను, హైదరాబాదువాడగు యూసుఫ్ ఖాన్ ఉండెను, ఇంకను పలువురుండిరి. వీరి యిండ్లలో ఉర్దూ మాటలాడిరా, తమిళము మాటలాడిరా యన్నది మనకు పట్టింపు గాదు. వారు పరుగులెత్తినది ఈ నేలమీద. త్రాగినది ఈ నీరు. తిన్నది ఈ యన్నమే. దేహపుష్టి లేదను సాకునకు ఇంతకంటె సమాధానము అక్కఱలేదు.

ఐతే రహీమ్ సాహెబు చేసినదేమి? ఇక్కడనే మన యువకులు శ్రద్ధ వహించి వినవలెను. ఆయన ఊరక పిల్లలచేత రోజంతయు ఆట ఆడింపలేదు. ఆటకు కట్టుబాట్లు పెట్టి ఆడించెను. బంతిని కాలితో దొర్లించుకొనుచు ఒకరిని తప్పించి మఱియొకరిని తప్పించి పోవుట మనవారికి మిక్కిలి ప్రీతి. దానినే డ్రిబ్లింగు అందురు. రహీమ్ డ్రిబ్లింగు చేయరాదను నియమముతో పందెములు పెట్టించెను. బంతి అందిన వెంటనే తోడివానికి ఈయవలసినదే. కుడికాలి వాటముగలవారు ఎడమకాలితోను, ఎడమకాలి వాటముగలవారు కుడికాలితోను మాత్రమే తన్నవలెనని వేఱొక పందెము. ఇంత యెత్తు మించినవాడు దిగరాదని, పొట్టివారికొఱకు ఇంకొక పందెము. పైకి చూచుటకు ఇవి వినోదములవలె నుండును. లోపల చూచినచో ఇందులో ఒక శాస్త్రమే కలదు.

మనిషి తనకు వచ్చినదానినే మరల మరల చేయుటకు ఇష్టపడును. కుడికాలు బాగుగా తన్నువాడు పదియేండ్లు ఆడినను కుడికాలితోనే తన్నును. ఎడమకాలు ఊతకఱ్ఱయై మిగిలిపోవును. ఎదుటివాడు మూడు నిమిషములలో ఈ రహస్యమును కనిపెట్టి ఆ కుడివైపు దారి మూసివేయును. అప్పుడు పదియేండ్ల ఆటయు వ్యర్థము. ఎడమకాలితో తప్ప తన్నరాదని కట్టుబాటు పెట్టినచో ఆ కుఱ్ఱవాడు మొదట నవ్వులపాలగును, బంతి గట్టెక్కిపోవును, స్నేహితులు గేలిచేయుదురు. నెలదినములు గడచిన పిమ్మట రెండవకాలు మేల్కొనును. చెడ్డగా చేయుదుమను సిగ్గును జయించి, చేతగానిదానిని చేయుటయే అభ్యాసము. చేతనైనదానిని పదింతలు చేయుట వినోదమేగాని అభ్యాసము గాదు. ఈ వ్యాసమున మేము చెప్పదలచినదంతయు ఈ యొక్క వాక్యమున ఇమిడియున్నది.

నవీన పరిశోధకులును ఈ మాటనే వేఱొక దారిని చెప్పుచున్నారు. 1979లో అమెరికాలో షే, మోర్గన్ అను ఇద్దఱు పండితులు శరీరము కదలికలను నేర్చుకొను తీరును పరీక్షించిరి. ఒక పనినే వరుసగా చేసి, అది ముగిసిన తరువాత రెండవదానిని, పిదప మూడవదానిని అభ్యసించినవారు అప్పటికి చక్కగా చేసిరి. మూడింటిని కలగాపులగముగ అభ్యసించినవారు అప్పటికి తడబడిరి. కాని పదిదినములకు మరల పరీక్షింపగా తడబడినవారే మిన్నగా నిలిచిరి. సులభముగ సాగిన అభ్యాసము త్వరగా మఱపునకు వచ్చుననియు, కష్టముతో సాగినది దేహమున నాటుకొనుననియు దీనివలన తేలుచున్నది. కావున ఇరువదిమార్లు ఒకే చోటినుండి ఒకే తీరున గోలునకు తన్ని, నాకు వచ్చినదని మురియు బాలుడు మోసపోవుచున్నాడని యెఱుగవలెను. ఒకమారు దగ్గఱనుండి, ఒకమారు దూరమునుండి, ఒకమారు దొర్లుచున్న బంతిని, ఒకమారు ఎగిరిపడు బంతిని తన్నవలెను.

ఇక ఏమి అభ్యసింపవలెను? మొదటిది, బంతిని ఆపుట. చూచువారు గోలులకు చప్పట్లు కొట్టుదురు. ఎఱిగినవారు మొదటి స్పర్శను చూతురు. వచ్చు బంతికి కాలు బిగించి యడ్డుపెట్టినచో అది గోడకు తగిలినట్లు ఎగిరి శత్రువు కాళ్ళయొద్దకు పోవును. విసరిన కోడిగ్రుడ్డును పట్టువాడు చేతిని వెనుకకు లాగుకొనినట్లు, బంతి తగులు క్షణమున పాదమును కొంచెము వెనుకకు ఈయవలెను. అప్పుడు బంతి వేగము చచ్చి కాలిముందు నిలుచును. అంతటితో చాలదు. తరువాత తాను పోదలచిన దిక్కునకే ఆ మొదటి స్పర్శతో బంతిని మరల్చగలిగినవాడు ఎదుటివానికంటె ఒక అడుగు ముందుండును. ఫుట్‌బాలులో ఒక అడుగు ఒక ఎకరముతో సమానము.

రెండవది, బంతిని అందించుట. పాదపు లోపలి వైపుతో, మడమకీలు బిగించి, ఊనిన కాలి వ్రేళ్ళు గురివైపు చూచునట్లు నిలిచి తన్నవలెను. బంతి నేలనంటి పోవలెను. ఆకాశమున పోవు బంతిని ఆపుట కష్టము. నేలమీద పోవు బంతిని తోడివాడు తడవు లేక అందుకొనును. దీనికి కావలసిన ఉపకరణము ఒక గోడ. రైసుమిల్లు గోడ యైనను, బడి గోడ యైనను, యజమాని అనుమతి పొంది, పది యడుగుల దూరమున నిలిచి, కుడికాలితో ఒకటి, ఎడమకాలితో ఒకటి చొప్పున తన్నుచు, తిరిగివచ్చిన బంతిని ఒక్క స్పర్శతో ఆపుచు, నిత్యము పది నిమిషములు చేయవలెను. గోడ యలసట యెఱుగని గురువు. నీవు వంకరగా పంపిన బంతిని వంకరగానే తిరిగి యిచ్చును, పొగడదు, తిట్టదు.

మూడవది, చూచుట. మన బాలురు బంతిని అందుకొనిన తరువాత తల యెత్తి ఎవరికి ఈయవలెనా యని వెదకుదురు. అప్పటికి ఇద్దఱు మీదబడుదురు. నార్వేదేశపు పండితుడు గైర్ జోర్డెట్ ఇంగ్లాండులోని ప్రథమశ్రేణి ఆటగాండ్రను శ్రద్ధతో పరిశీలించి, బంతి తమయొద్దకు రాకముందే భుజము మీదుగా వెనుకకును ప్రక్కలకును తఱచుగ చూచువారే బంతిని సరిగా అందింపగలుగుచున్నారని తేల్చెను. ఇది కాలి విద్య గాదు, కంటి విద్య. దీనికి బూట్లు అక్కఱలేదు, ధనము అక్కఱలేదు. బంతి లేనప్పుడు ఏమి చేయుచున్నావను ప్రశ్నను ప్రతి యాటగాడును తన్ను తాను వేసికొనవలెను. తొంబది నిమిషముల ఆటలో ఒక్కొక్కనియొద్ద బంతి యుండునది రెండు మూడు నిమిషములకు మించదు. తక్కిన కాలమంతయు చూచుటకును, చోటు వెదకికొనుటకును ఉన్నది.

నాల్గవది, చిన్న జట్లతో ఆడుట. పదునొకండ్రు పదునొకండ్రుగా పెద్ద మైదానమున దిగినచో పదియేండ్ల పిల్లవానికి బంతి ఎన్నిమారులు అందును? బలిష్ఠులైన నలుగురే ఆడుదురు. మిగిలినవారు ఎండలో నిలుచుందురు. అందుచేతనే ఇంగ్లాండువారు 2012లో తమ నియమములను మార్చి, చిన్నపిల్లలు ఐదుగురేసి, పిదప ఏడుగురేసి, ఆపైన తొమ్మండుగురేసి ఆడునట్లు ఏర్పాటు గావించిరి. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశమున 1930లో యువాన్ కార్లోస్ సెరియాని అను ఉపాధ్యాయుడు లోగిళ్ళలో ఐదుగురేసి ఆడుటకు ఏర్పఱచిన ఆటయే నేడు ఫుట్‌సాల్ పేర లోకమంతట వ్యాపించినది. బ్రెజిలు మేటి ఆటగాండ్రలో పెక్కుమంది బాల్యమున దానియందే చేయి తిరిగినవారు, కాదు, కాలు తిరిగినవారు. చోటు చిన్నదైనకొలది బంతి తఱచుగ అందును, ఎదుటివాడు దగ్గఱనుండును, ఆలోచన త్వరపడును. మైదానము చిన్నదని విచారించు తునివాడు, ఆ చిన్నతనమే తనకు గురువని తెలిసికొనవలెను.

దేహమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఉన్నతశ్రేణి ఆటగాడు ఒక పందెమున పది పండ్రెండు కిలోమీటర్లు తిరుగును. ఐనను అది బాటసారి నడక వంటిది గాదు. నడచుట, మెల్లగా పరుగెత్తుట, అంతలో బాణమువలె దూసికొనిపోవుట, మరల తిరిగివచ్చుట. కావున వేకువనే లేచి మైళ్ళకొలది ఒకే వేగముతో పరుగెత్తుటవలన కలుగు లాభము కొంతయే. 2001లో నార్వేలో యువకుల జట్టొకటి వారమునకు రెండుమారులు, ఎనిమిది వారములపాటు ఒక పద్ధతి నవలంబించెను. నాలుగు నిమిషములు ఊపిరి ఆడనంత వేగముగ పరుగెత్తుట, మూడు నిమిషములు మెల్లగా సాగుట, ఇట్లు నాలుగుమారులు. ఆ తరువాతి పందెములలో వారు తిరిగిన దూరము నూటికి ఇరువది వంతులు పెరిగినది. దీనికి కావలసినది తాండవనది గట్టు, ఒక గడియారము, మనోనిశ్చయము.

పరుగునకు ముందు దేహమును సిద్ధపఱచుట మఱువరాదు. అంతర్జాతీయ ఫుట్‌బాలు సంఘమువారు 2006లో లెవెన్ ప్లస్ అను పేర ఇరువది నిమిషముల వ్యాయామక్రమమును సిద్ధము చేసిరి. మొదట మెల్లని పరుగులు. పిదప నడుమునకును తొడలకును బలము, ఒంటికాలి నిలకడ, గంతు. కడపట వేగపు పరుగులు. దానిని నియమముతో చేసిన జట్లలో గాయములు సుమారు మూడవవంతు తగ్గినట్లు పరీక్షలలో తేలినది. మోకాలు చెడి ఆట మానుకొనిన యువకులు లేని ఊరు లేదు. ఇరువది నిమిషములు దండుగ యని తలచువాడు ఒక యేడాది మంచమున గడుపుటకు సిద్ధపడుచున్నాడన్నమాట. పసిపిల్లలచేత తలతో బంతిని కొట్టించు అభ్యాసమును మానిపింపవలెను. మెదడునకు హాని కలుగునను శంకచే ఇంగ్లాండు, స్కాట్లండు దేశములలో 2020లోనే ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు ఆ శిక్షణను నిలిపివేసిరి.

మన యెండ వేఱు, వారి యెండ వేఱు. చైత్ర వైశాఖములలో మన సీమయందు పగటివేళ ఆట ఆత్మహత్యతో సమానము. సూర్యుడు పైకెక్కకముందు, మరల చల్లబడిన తరువాత మాత్రమే ఆడవలెను. దాహము వేయువఱకు ఆగక నీరు త్రాగుచుండవలెను. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మన యిండ్ల ఔషధము. అన్నము నిందింపదగినది గాదు. పరుగునకు కావలసిన సత్తువ దానిలో కలదు. దానితోకూడ పప్పు, గ్రుడ్డు, చేప, వేరుసెనగ, అరటిపండు ఉన్న చాలును. పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వయసువారికి రాత్రి ఎనిమిది గంటలకు తక్కువగాని నిద్ర కావలెనని వైద్యులు చెప్పుచున్నారు. అర్ధరాత్రివఱకు సెల్‌ఫోను వెలుగులో విదేశీయుల ఆట చూచి, తెల్లవారి తాను ఆడలేనివాడు ఇంకెవరిని నిందించును?

బూట్ల మాట. 1911 జూలై 29న కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ దండును 2-1 గోలులతో ఓడించి షీల్డు గెలిచినప్పుడు ఆ పదునొకండ్రలో పదిమంది వట్టికాళ్ళతో ఆడిరి. దేశమంతయు ఆనాడు పొంగిపోయెను. అది న్యాయమే. కాని ఆ విజయము వలన వట్టికాళ్ళే మనకు శోభ యను భ్రమ పుట్టి, నలువదేండ్లు మనలను పట్టియుండెను. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో చలినేలపై మనవారు పెక్కుమంది బూట్లు లేకయే దిగి, యుగోస్లావియా చేతిలో 10-1 గోలులతో ఓడిరి. ఆ పిమ్మట దేశమున బూట్లు తప్పనిసరి యయ్యెను. నాలుగేండ్లకు మెల్బోర్న్‌లో అదే యుగోస్లావియా ఎదురుపడినప్పుడు మొదటి గోలు మనవారిదే. తుదకు 4-1తో ఓడినను, పదినుండి నాలుగునకు దిగుటలో నాలుగేండ్ల శ్రమ కనబడుచున్నది. ఓటమిని చూచి సిగ్గుపడి కూర్చుండక, దానినుండి పాఠము చదువుకొనిన కాలమది. కావున వట్టికాళ్ళతో ఆడుట నేర్చుకొనిన బాలుడు, ముందునకు పోదలచినచో బూట్లకు అలవాటుపడవలెను. బూట్లు లేవని నేర్చుకొనుట ఆపరాదు.

ఆ కాలముననే ఇంకొక పాఠము కలదు. 1948లో లండను ఒలింపిక్ క్రీడలలో మనవారు ఫ్రాన్సుతో సరిసమానముగ ఆడి 2-1తో ఓడిరి. ఆనాడు మనకు రెండు పెనాల్టీలు లభించినవి. రెండును వృథా యయ్యెను. పెనాల్టీ యనగా పదునొకండు మీటర్ల దూరమునుండి, ఏడు మీటర్లకు పైబడిన వెడల్పుగల గోలులోనికి, ఒక్క కాపరివాడు మాత్రము ఎదురుండగా తన్ను తన్ను. గుంటూరు రోడ్డు మీద పోవు బండివాడైనను ఇందులో తప్పునా యని యనుకొనవచ్చును. కాని గుండె దడదడలాడుచుండగా, వేలమంది చూచుచుండగా, అలసిన కాలితో తన్నుట వేఱు. కావున పెనాల్టీని ఆట మొదట, ఓపిక యున్నప్పుడు గాక, ఆట ముగిసి, కాళ్ళు బరువెక్కి, తోడివారు చుట్టును నిలిచి గేలి చేయుచుండగా అభ్యసింపవలెను. పందెమున ఎట్టి స్థితి వచ్చునో అట్టి స్థితినే అభ్యాసమునకు తేవలెను.

ఈ మాటలన్నియు ఒక గంటలో ఇమిడించుకొనవచ్చును. ఇరువది నిమిషములు దేహమును సిద్ధపఱచుట. పది నిమిషములు గోడతో బంతి. ఇరువదియైదు నిమిషములు ఐదుగురేసి ఆట, దానిలో ప్రతిదినము ఒక కట్టుబాటు. కడపటి ఐదు నిమిషములు పెనాల్టీలు. సోమవారము రెండు స్పర్శలకు మించరాదు. మంగళవారము ఎడమకాలే. బుధవారము బంతి నేలనుండి లేవరాదు. వారమునకు ఒకదినము ఏ కట్టుబాటును లేని ఆట. రెండు దినములు నాలుగు నిమిషముల పరుగులు. ఒక దినము విశ్రాంతి. ఇట్లు ఒక యేడాది చేసిన బాలుడు ఏ ఊరివానికిని తీసిపోడు. ఇందు ధనవంతునికి మాత్రమే సాధ్యమైనది ఏదియు లేదు.

ఇంత తెలిసియు మనము వెనుకబడుటకు కారణమేమి? రహీమ్ మరణించిన తరువాత 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచెను. మన రాష్ట్రమునకు అదియే కడపటి విజయము. 1970లో బ్యాంకాక్‌లో భారతదేశము ఆసియా కాంస్యపతకము గెలిచినప్పుడు నాయకుడు హైదరాబాదువాడగు సయ్యద్ నయీముద్దీన్. ఆ జట్టులోని మహమ్మద్ హబీబ్ కూడ ఆ నగరమువాడే. 1977లో కలకత్తాలో పెలే ఆడిన న్యూయార్కు కాస్మోస్ జట్టుపై ఆయన గోలు చేసెను. బలరామ్, నయీముద్దీన్, హబీబ్, ముగ్గురును కలకత్తా జట్లకు తరలి, అక్కడనే పేరు పొందిరి. బ్రతుకుతెరువు వెదకికొనిపోయినవారిని తప్పుపట్టరాదు. తప్పు మనది. రహీమ్ పద్ధతి రహీమ్‌తోనే యుండెను. ప్రతి బడికిని, ప్రతి పేటకును దానిని ఒప్పగించినవారు లేరు. ఒక గురువు ఉన్నంతకాలము వెలిగి, ఆయనతో ఆరిపోయిన దీపము అది. 2022లో హైదరాబాదు పేరుగల జట్టు ఐ.ఎస్.ఎల్. కిరీటము గెలిచినప్పుడు సంతోషింపనివారు లేరు. ఐనను ధనముతో జట్టును కొనితేవచ్చును గాని ఆటగాని మొలకను కొనితేలేము. అది ఊరి నేలలో మొలవవలసినదే.

మొలవదని నిరాశపడనక్కఱలేదు. నిజామాబాదు జిల్లాలోని గిరిజన కుటుంబమున పుట్టిన గుగులోతు సౌమ్య భారత మహిళా జట్టున స్థానము సంపాదించి, 2022లో క్రొయేషియాదేశపు డైనమో జాగ్రెబ్ మహిళా జట్టున చేరినది. మైదానము బాలురదే యని తలచు తండ్రులు ఈ యొక్క పేరును జ్ఞాపకముంచుకొనవలెను. బంతికి ఆడపిల్ల కాలును మగపిల్లవాని కాలును ఒక్కటియే. అట్లే అగ్రహారము వాని కాలును, మాలపల్లె వాని కాలును, మసీదువీధి వాని కాలును ఒక్కటియే. పదునొకండ్రు ఒకరినొకరు నమ్మి బంతిని ఈయనిచో గెలువజాలని ఆట యిది. జకార్తాలో 1962 సెప్టెంబరు 4న, పరదేశపు జనసమూహము మనవారిని హేళన చేయుచుండగా, దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన జట్టులో పంజాబువాడు, బెంగాలీ, తెలుగునేలవాడు కలసియుండిరి. తలకు కుట్లుపడిన జర్నయిల్ సింగు వెనుకనుండి ముందువరుసకు మారి ఒక గోలు చేసెను. తన స్థానము తనకు ముఖ్యమనుకొనినవాడు అట్లు చేయజాలడు.

ఇక పెద్దలతో మాట. పూర్తి మైదానము 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉండును. అనగా దాదాపు ఎకరము డెబ్బదియైదు సెంట్లు. ఊరినడుమ ఇండ్లస్థలముల ధరలు పెరిగిన ఈ కాలమున అంత నేలను అడుగుటకు మాకు ధైర్యము చాలదు. ఐదుగురేసి ఆడు బరి 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. అనగా ఇరువది సెంట్లు. వరికోత లైన తరువాత దుక్కి దున్నువఱకు ఎన్ని ఇరువది సెంట్లు తుని చుట్టుపట్ల ఊరక పడియుండునో భూస్వాములకే తెలియును. గట్టు కదల్పనక్కఱలేదు, దానపత్రము వ్రాయనక్కఱలేదు. మోళ్ళు చెక్కించి, గోతులు పూడ్పించి, నాలుగు వెదురు గడలు పాతించి, సాయంకాలము ఒక గంట విడిచిపెట్టిన చాలును. బడిపంతుళ్ళలో ఆట యెఱిగినవాడు ఒక్కడైన ఉండకపోడు. ఆయనకు ఆ గంటను గౌరవముతో ఒప్పగింపవలెను. తాండవకు ఆవలి గట్టున పాయకరావుపేట యున్నది. జిల్లా వేఱైనను నది యొక్కటే. రెండూళ్ళ పిల్లలకును నెలకొక పందెము పెట్టినచో అభ్యాసమునకు ఒక గమ్యము ఏర్పడును.

సంక్రాంతి వచ్చినదనిన మన గోదావరి జిల్లాలలో కోడిపందెములకు బరులు సిద్ధమగును. పందిళ్ళు లేచును, దీపములు వెలుగును, నేల చదునగును, ధనము చేతులు మారును. మూడు దినములకొఱకు ఇంత చేయగలిగిన సీమ, మూడు నెలలకొఱకు పిల్లలకు ఇరువది సెంట్ల బరి చదును చేయలేదన్నచో ఎవరు నమ్ముదురు? తునిపెద్దలు ఈ యేటి పండుగకు అట్టి బరి యొకటి గీయించి, ఒక బంతిని అందులో పడవైచి చూడవలెనని మా ప్రార్థన.